పది కావాలని అడిగి చూడండి: ఒక టిఫిన్ డబ్బా నాణేల కేసు

2024 ఆగస్టులో సైదాబాద్ నుంచి ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. చేతిలో మూడు గిన్నెల స్టీలు టిఫిన్ డబ్బా, సంకలో ఒక బట్టల షాపు కవరు. చిన్న కూతురి పెళ్లి మాఘంలో. ఇంట్లో ఉన్న నాణేలకు ఎంత వస్తుందో తెలిస్తే మిగతా డబ్బు లెక్క చూసుకుంటానన్నారు.

నేను నాణేలు కొనను. విలువ కట్టి, రాసిచ్చి, ఫీజు తీసుకుంటాను. కొనేవాడే విలువ కడితే ఆ విలువను ఎవరూ నమ్మనక్కర్లేదు. పదిహేనేళ్లుగా ఈ పద్ధతి మార్చలేదు.

డబ్బా తెరవకముందే ఆయన ఒక ప్రశ్న వేశారు. ఈ కేసు రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

"తమ్మీ, ఒక మాట చెప్పు. రేర్ రేర్ అంటున్నరు గదా. మరి ఏ దుకాణంల అడిగినా ఉంటదెట్ల? అన్నీ వాళ్ల దగ్గర్నే ఉన్నయా?"

నాకు అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. అవునంటే పూర్తి నిజం కాదు. కాదంటే ఆయన కళ్లారా చూసినదాన్ని కొట్టేసినట్టవుతుంది. మూడు నెలలు తిరిగాక, లెక్క చూసి చెప్పాను.

ముందు ఆయన తెచ్చినవేంటో చెప్తాను. పై గిన్నెలో వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లలు, 38. కింది రెండు గిన్నెల్లో చార్మినార్ వెండి రూపాయలు, 45. నిజాం కాలంలో వాళ్ల నానమ్మ దాచినవి. బట్టల షాపు కవర్లో ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణేలు, 11, అట్ట ప్యాకింగుతో సహా.

వైష్ణోదేవి బిళ్లల సంగతి ఒక్క పూటలో తేలిపోయింది. అవి 2012లో పుణ్యక్షేత్రం బోర్డు రజతోత్సవానికి విడుదలై, మామూలుగా చలామణీలోకి వచ్చిన నాణేలు. ఒక్కోటి లక్షలకు కొంటామని ఫోన్ చేసినవాడికి ఈయన "రిజిస్ట్రేషన్" పేరిట 2,100 రూపాయలు పంపారు కూడా. ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టు 4న ప్రకటన ఇచ్చింది. పాత నాణేలు, నోట్ల కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, తన పేరు మీద కమీషన్ వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది. ఆ 38 బిళ్లలూ కూరగాయలకు వాడుకోమన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. కానీ ఆ ఆశను అలాగే ఉంచి పంపడం నాకు చేతకాలేదు.

అసలు కథ ఎన్టీఆర్ నాణేలది.

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఆ నాణేన్ని విడుదల చేశారు. కొట్టింది మన హైదరాబాద్ టంకశాలే. 44 మిల్లీమీటర్ల వ్యాసం, 35 గ్రాముల బరువు. అందులో సగం వెండి, 40 శాతం రాగి, మిగిలింది నికెల్, జింకు. ప్యాకింగును బట్టి ధర 4,050 నుంచి 4,850 దాకా. మొదటి విడతలో 12 వేలు కొట్టారు. మర్నాడు అమ్మకం మొదలైతే సైఫాబాద్ మింట్ మ్యూజియం దగ్గర, చర్లపల్లి కౌంటర్ దగ్గర జనం బారులు తీరారు. చేతికర్ర పట్టుకుని వచ్చిన పెద్దవాళ్లను కూడా ఆ క్యూలో చూశాను. వాళ్లు పెట్టుబడికి రాలేదు, అభిమానంతో వచ్చారు. ఆ నాణెం వాళ్లకు దొరకాలని నాకూ అనిపించింది.

స్టాక్ అయిపోయింది. ఆ వారంలోనే వాట్సాప్‌లో మెసేజీలు మొదలయ్యాయి: "పన్నెండు వేలే, ఇక కొట్టరు." మా పెద్దాయన ఎన్టీఆర్‌కు వీరాభిమాని. సెప్టెంబరులో ఒక డీలర్ దగ్గర ఒక్కోటి 8,500 చొప్పున 11 కొన్నారు. మొత్తం 93,500. ఒకటి పూజ గదిలో పెట్టుకోవడానికి, పది పిల్ల పెళ్లికి అక్కరకొస్తాయని.

టంకశాల మళ్లీ కొట్టింది. ఇలాంటి స్మారక నాణేలు గిరాకీని బట్టి మళ్లీ కొడతారు. ఇది రహస్యం కాదు, బుక్ చేసుకునేవాళ్లందరికీ తెలుసు. డీలర్‌కు తెలియకుండా ఉండే అవకాశం లేదు. ఏడాది తర్వాత పెద్దాయన అదే డీలర్ దగ్గరికి వెళ్తే ఒక్కోటి మూడు వేలకు అడిగాడట.

నేను చేసిన పరీక్ష చాలా మామూలుది. తెలిసిన ఏడుగురు డీలర్లకు పొద్దున ఫోన్ చేసి, ఒక క్లయింటుకు ఎన్టీఆర్ నాణేలు యాభై కావాలని చెప్పాను. ఎందుకో ఏంటో చెప్పలేదు. భోజనం వేళకు ముగ్గురు తిరిగి ఫోన్ చేశారు. ఒకాయన, "యాభై ఎందుకు సార్, వంద తీసుకోండి, రేటు చూసి వేస్తా" అన్నాడు. సాయంత్రానికి ఏడుగురి దగ్గర కలిపి మూడొందల పైచిలుకు ఉన్నట్టు తేలింది. అన్నీ సీలు విప్పని ప్యాకెట్లు, బీరువాల్లో ఉన్నాయి.

అంటే ఈ నాణెం విషయంలో పెద్దాయన అనుమానం నిజమే. అది కరువైపోలేదు, కొన్నాళ్లు కొందరి బీరువాల్లో ఆగింది, అంతే. పది కావాలంటే సాయంత్రానికి పది తెచ్చివ్వగలిగినప్పుడు దాన్ని అరుదైన నాణెం అనడం తప్పు. ఈ మాట కొందరు డీలర్లకు నచ్చదని తెలుసు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆ 93,500 ఒక రిటైరైన ఉద్యోగి పీఎఫ్ డబ్బు.

బయటి దేశాల్లోనూ ఇదే జరిగింది. అమెరికాలో డెన్వర్ టంకశాల 1950లో కొట్టిన అయిదు సెంట్ల నాణేలు 26 లక్షల 30 వేలు. వాళ్ల లెక్కలో అది చాలా తక్కువ. ఆ సంగతి ముందే తెలియడంతో డీలర్లు, మదుపుదారులు రోల్స్‌కు రోల్స్ (కాగితంలో చుట్టిన నాణేల కట్టలు) దాచారు. 1964 నాటికి అయిదు సెంట్ల బిళ్ల ముప్ఫై డాలర్ల దాకా ఎక్కింది. తర్వాత కూలింది. ఆ నాణెంలో విచిత్రమేంటంటే, చేతులు మారి అరిగినదానికంటే అసలు వాడనిదే సులువుగా దొరుకుతుంది. ఎక్కడ దాక్కున్నాయో ఆ ఒక్క ముక్క చెప్తుంది.

దాచేది ఎప్పుడూ డీలరే కానక్కర్లేదు. 1903లో న్యూ ఓర్లీన్స్‌లో కొట్టిన వెండి డాలర్ వాడనిది దొరికితే 1962 ధరల పుస్తకంలో 1,500 డాలర్లు. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వ ఖజానా గదిలోంచి ఎప్పటివో మూటలు బయటికి తీశారు. కొద్ది నెలల్లో ధర ముప్ఫై డాలర్ల దగ్గరికి పడిపోయింది. అంతకుముందు అది అరుదని చెప్పినవాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. మూటల సంగతి వాళ్లకు తెలియదు.

ఇక చార్మినార్ రూపాయలు. ఇవి నాకు ప్రాణం, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో హిజ్రీ 1321లో, అంటే 1903 ప్రాంతంలో, చార్మినార్ బొమ్మతో రూపాయి వచ్చింది. సైఫాబాద్‌లో ఆధునిక యంత్రాలతో టంకశాల పెట్టిన కాలం అది. బరువు 11.178 గ్రాములు, వెండి వెయ్యికి 818 పాళ్లు. చార్మినార్ ద్వారం లోపల భూతద్దంతో చూస్తే ఫార్సీ లిపిలో ఒక అక్షరం కనబడుతుంది. మహబూబ్ కాలపు రూపాయి మీద 'మీమ్', ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి మీద 'ఐన్'. ఉస్మాన్ తొలి రూపాయల్లో ఆ ఐన్ పొట్టిగా, పైముక్క మాత్రమే ఉంటుంది. తర్వాతివాటిలో తోకతో సహా నిండుగా ఉంటుంది. మా వ్యాపారంలో వీటిని హాఫ్ ఐన్, ఫుల్ ఐన్ అంటారు.

హాఫ్ ఐన్ తక్కువగా దొరకడానికి కారణం క్యాలెండరులో ఉంది. ఉస్మాన్ అలీ ఖాన్ 1911 ఆగస్టు 29న గద్దెనెక్కాడు. హిజ్రీ 1329 ఆ డిసెంబరులోనే ముగిసింది. ఆ సంవత్సరం వేసి తన పేరు మీద రూపాయలు కొట్టించడానికి ఆయనకు నాలుగు నెలలు కూడా లేవు. ఎవరూ దాచి సృష్టించిన కొరత కాదిది. అలాగని కోట్ల రూపాయల అపురూపం కూడా కాదు. బాగా ఉన్నది సాదా రూపాయికి నాలుగైదు రెట్లు పలుకుతుంది. అంతకు మించి చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

పెద్దాయన డబ్బాలోని 45 రూపాయలనూ బల్ల మీద పరిచి, ఒక్కోటీ తూచి, తేదీ చదివాను. అన్నీ ఫుల్ ఐన్‌లే. 31 నాణేలు చింతపండు, పీతాంబరితో తోమి అద్దాల్లా మెరుస్తున్నాయి. దసరాకు ఇంటావిడ గిన్నెలతో పాటు వీటినీ తోమేశారట. తోమిన నాణెం మీద సన్న గీతలు పడతాయి, వంద ఏళ్ల నలుపు పోతుంది, దాంతో విలువ పడిపోతుంది. పాత వెండి నల్లబడితే దాన్ని అలాగే ఉండనివ్వండి.

లెక్క రాస్తుంటే ఆయన జేబులోంచి పసుపు గుడ్డ మూట తీశారు. "ఇది డబ్బాలది కాదు. దేవుని అర్రలది. మా నాయన పుట్టినప్పుడు మా నానమ్మకు వాళ్ల పుట్టింటోళ్లు పెట్టిన రూపాయి. దీన్ని ఎవ్వరం ముట్టం."

గుడ్డ పసుపు నాణెం అంచుకు అంటి, ఫార్సీ అక్షరాల సందుల్లో దిగింది. మిగతా ముఖమంతా ముదురు బూడిద రంగు. తేదీలో మూడో అంకె దగ్గర ఆగిపోయాను. ఆ లిపిలో రెండుకూ మూడుకూ తేడా పైన ఒక్క పంటి నొక్కే, అరిగితే 1329, 1339 ఒకటిగా కనబడతాయి. మొదట 1339 అనే కాగితం మీద రాశాను. తర్వాత ద్వారం చూశాను. పొట్టి ఐన్. 1339 నాటికి పొట్టి ఐన్ ఉండదు. పాలనా సంవత్సరం దగ్గర కూడా 1 అంకె ఉంది, అంటే గద్దెనెక్కిన మొదటి ఏడు. కాగితం మీద కొట్టేసి 1329 అని దిద్దాను. బరువు 11.12. అంచు చుట్టూ చూశాను, కొక్కెం అతికించిన మచ్చ లేదు. మన దగ్గర పాత రూపాయలు చాలావరకు మెడలో హారాలై వచ్చినవే, అందుకే ఎక్కువవాటి మీద టాంకా (అతుకు) మచ్చ ఉంటుంది.

అంతకు నెల ముందు ఇదే మూటను ఒక దుకాణంలో చూపిస్తే, విప్పి చూడకుండానే డబ్బాతో కలిపి వెండి లెక్కన ఒక్కోటి 700 ఇస్తామన్నారట. ఆ రోజుల్లో వెండి గ్రాము తొంభై రూపాయల చుట్టూ ఉంది. రూపాయిలో అసలు వెండే తొమ్మిది గ్రాముల పైన, అంటే 820 దాకా వస్తుంది. కరిగించినా అంతకంటే ఎక్కువ వస్తుందన్నమాట.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఈ హాఫ్ ఐన్ కోసం ఊరంతా వెతికాను. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు, గురువారాలు జుమ్మేరాత్ బజార్, చార్మినార్ దగ్గర గుడ్డ పరుచుకుని కూర్చునేవాళ్లు, కోఠిలో ఇద్దరు డీలర్లు, ఒక నాణేల ఎగ్జిబిషన్. ఇందాకటి ఏడుగురికే ఫోన్ చేసి ఈసారి పది హాఫ్ ఐన్‌లు కావాలన్నాను. ఒక్కరూ పది తేలేదు. కోఠిలో ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న ఒకాయన, "పదా? ఒక్కటి మంచిది దొరికితే నాకే చెప్పండి, నాకే కావాలి" అన్నారు.

ఆ మూడు నెలల్లో అయిదు చోట్ల హాఫ్ ఐన్ కనబడింది. అయితే నేను ప్రతి నాణేనికీ బరువు, మచ్చలు, గీతలు రాసుకుంటాను. మూడు చోట్ల కనబడినది ఒకే నాణెం. పైన పన్నెండు గంటల చోట టాంకా మచ్చ, ఎడమ మినార్ కింద గోరుతో గీసినట్టు గీత. ఎగ్జిబిషన్‌లో ఒకరి ట్రేలో, కోఠిలో ఇంకొకరి కౌంటర్ మీద, తర్వాత ఒకతను ఫోన్‌లో చూపిన ఫోటోలో. ముగ్గురూ "మా దగ్గర ఉంది" అనే చెప్పారు. ఆరా తీస్తే అది మలక్‌పేటలో నాణేలు పోగుచేసే ఒక బ్యాంకు ఉద్యోగిది. జాంగడ్ మీద ఇచ్చారు. నగల వ్యాపారంలో ఉన్న పద్ధతే ఇది: సరుకు నమ్మకం మీద ఇస్తారు, అమ్ముడైతే డబ్బు, లేకపోతే సరుకు వెనక్కి. మిగతా రెంటిలో ఒకటి డీలర్ సొంతం, ఇంకోటి ఆయన దగ్గర అమ్మకానికి పెట్టిన వేరే కుటుంబానిది.

పెద్దాయన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది. ప్రతి దుకాణంలోనూ ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఒక్క నాణెమే మూడు చోట్ల తిరుగుతుంటుంది.

మిగతా సగం వడ్డీ లెక్క. చిన్న డీలర్ పెట్టుబడి చాలాసార్లు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదే. పాతికవేల నాణెం రెండేళ్లు కదలకపోతే వడ్డీకే పన్నెండు వేలు పోతాయి. అందుకే నిజంగా మంచి నాణెం డీలర్ దగ్గర నిలవదు, వచ్చిన వారంలోనే వెళ్లిపోతుంది. కొనేవాళ్ల పేర్లు ముందే ఆయన ఫోన్‌లో ఉంటాయి. నిలిచేది అమ్ముడుపోనిది, లేదా చవగ్గా గుత్తకు కొన్నది. ట్రేలో ఏళ్ల తరబడి కనబడేదాన్ని చూసి "అన్నీ వీళ్ల దగ్గరే ఉన్నాయి" అనుకుంటాం.

దీనికి ఒక మినహాయింపు ఉంది. పాత తరం డీలర్లలో చాలామంది తాము కూడా సేకరించేవాళ్లే. వాళ్ల మంచి సరుకు దుకాణంలో ఉండదు, ఇంట్లో ఉంటుంది, అమ్మకానికి రాదు. వాళ్లను డీలర్లుగా లెక్కించాలా, సేకరించేవాళ్లుగానా అంటే నేను రెండోదే అంటాను. ఈ డీలర్ల గురించి ఇంకో మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో, బేగం బజార్‌లో మూసలోకి పోబోయే రూపాయలను గుప్పిళ్లతో కొని, అందులోంచి ఏరి బతికించింది వీళ్లే. ఆ పని ఏ ప్రభుత్వ శాఖా చేయలేదు.

ఇంకో రకం కూడా ఉంది. ధర ఎక్కువ కాబట్టి అరుదనుకునేవి. 1911 నాటి అయిదో జార్జి రూపాయి దీనికి మంచి ఉదాహరణ. రాజు అంగీ మీద చెక్కిన ఏనుగు పందిలా కనబడుతోందని గొడవ అయింది. కొట్టిన 94 లక్షల్లో 7 లక్షలే బయటికి వెళ్లాయి, మిగతావి కరిగించారు. కథ గొప్పది, అందరికీ అది కావాలి, ధర వేలల్లో. కానీ ఏడు లక్షలంటే తక్కువా? ఎగ్జిబిషన్‌లో గంట తిరిగితే పది దొరుకుతాయి. దానికి గిరాకీ ఎక్కువ, కొరత కాదు. కొనేవాళ్లు ఈ రెంటినీ విడదీసి చూసుకోవాలి.

నవంబరులో పెద్దాయన మళ్లీ వచ్చినప్పుడు ఇదంతా కాగితం మీద రాసి చూపించాను. ఆయన చాలాసేపు చదివారు. "అంటే వాళ్ల దగ్గర కుప్పలున్నది రేర్ గాదు. రేర్‌ది మా అసొంటోళ్ల ఇండ్లల్ల ఉంటది. అంతే గదా?" అన్నారు. అంతే అన్నాను. ఒకరి కళ్లతో, ఒక ఊర్లో, ఒక రకం రూపాయి మీద చేసిన లెక్క ఇది, ఇంకో నాణేనికి మళ్లీ లెక్కపెట్టాల్సిందే అని కూడా చెప్పాను.

ఈలోగా దుబాయ్ నుంచి మాట్లాడుతున్నానంటూ ఒకతను హాఫ్ ఐన్‌ను రెండు లక్షలకు కొంటానని, కొరియర్ చేయమని అడిగాడట. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువు, దేశం దాటించకూడదు. ఆ ఒక్క ముక్క చెప్తే ఆ ఫోన్ మళ్లీ రాలేదు.

అమ్మకాలు నేను దగ్గరుండి చూశాను, బిల్లులతో. తోమిన 31 రూపాయలు వెయ్యి చొప్పున, తోమని 14 రూపాయలు 1,400 చొప్పున పోయాయి. మొత్తం 50,600. వెండి లెక్కన ఇస్తామన్నదానికంటే 19,100 ఎక్కువ. ఎన్టీఆర్ నాణేల్లో ఆరు 4,200 చొప్పున అమెరికా నుంచి సెలవుకు వచ్చిన ఒక అభిమాని కొని ఇక్కడే తన అన్నదమ్ములకు పంచారు, 25,200 వచ్చాయి. అయిదు ఆయన దగ్గరే ఉన్నాయి. ఆ నష్టం పూడదు. అమ్మిన డీలర్‌తో మాట్లాడి చూశాను, బిల్లు మీద "రేర్" అనే మాటే లేదు, నోటి మాటకు మేం బాధ్యులం కాదన్నాడు. అందుకే ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ, ఎంత కొట్టారో, మళ్లీ కొడతారో లేదో బిల్లు మీదే రాయించుకోమని చెప్తున్నాను.

హాఫ్ ఐన్ అమ్మలేదు. కొనడానికి ఇద్దరు సిద్ధంగా ఉన్నారని చెప్పాను. "మా నానమ్మది" అన్నారు, అంతే. పెళ్లికూతురికి తలంబ్రాల రోజు ఒళ్లో పెడతామన్నారు. తోమొద్దని మాత్రం రెండుసార్లు చెప్పాను. నాణెం ఒరుసుకోకుండా ఒక చిన్న ప్లాస్టిక్ కవర్ ఇచ్చాను, దాని మీదే మళ్లీ ఆ పసుపు గుడ్డ చుట్టుకున్నారు.

హాఫ్ ఐన్‌ల కోసం 2016 నుంచి నా దగ్గర వేరే నోటుబుక్కు ఉంది. పెద్దాయన నాణేనికి ముందు దాకా చూసినట్టు రాసుకున్నవి 19 సార్లు, మచ్చలు పోల్చితే విడి నాణేలుగా తేలినవి 12. వాటిలో డీలర్ల సొంతం రెండు, సేకరించేవాళ్లవి ఏడు, కుటుంబాలవి మూడు. ఆ సాయంత్రం పదమూడోది రాశాను: 1329, పొట్టి ఐన్, 11.12 గ్రాములు, టాంకా లేదు, అంచున పసుపు. యజమాని దగ్గర 'కుటుంబం, సైదాబాద్' అని.